"వేవిళ్ళేగా" అనే మగానుభావులకు..

మొన్న లంచ్ లో మా టీమ్ కుర్రాడొకడు "మా ఆవిడకి మూడో నెలండీ, ఒకటే వాంతులు. వాళ్ళ పుట్టింటికి పంపించేద్దామనుకుంటున్నా" అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా "వేవిళ్ళేగా బాస్, అందరికీ ఉండేదే" అని తేల్చేశారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకంటే ఏడేళ్ళ క్రితం సరిగ్గా ఇదే మాట నేనూ అన్నాను. ఒకసారి కాదు, మూడు వారాలపాటు అన్నాను.

అప్పటికి మా ఆవిడ 52 కేజీలు. పక్క ఫ్లాట్ లో పోపు వేస్తే ఇక్కడ బాత్రూమ్ కి పరిగెత్తేది. మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. నేనేమో పొద్దున్నే అల్లం టీ చేతిలో పెట్టి, "కాస్త ఓర్చుకో" అని సలహా పారేసి క్యాబ్ ఎక్కేవాణ్ణి. మా పెద్దమ్మ ఫోన్ లో "మేం కనలేదుట్రా?" అనేది. నాకూ నిజమే కదా అనిపించేది.

ఓ రాత్రి తను గోడ పట్టుకుని నిలబడబోయి అలాగే కూలబడిపోయింది. ఆసుపత్రిలో తూకం చూస్తే 46. డాక్టరమ్మ నన్నడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరిసారి మూత్రానికి ఎప్పుడెళ్ళింది?" నా దగ్గర జవాబు లేదు. మా ప్రొడక్షన్ సర్వర్ ఆఖరిసారి ఎప్పుడు రీస్టార్ట్ అయిందని అడిగితే నిమిషంతో సహా చెప్పేవాణ్ణి!

దీన్ని వేవిళ్ళు అనరు మహాశయా. హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారు. నూటికి ఒకరిద్దరికి వస్తుంది. ఉన్న బరువులో 5 శాతం పడిపోయిందంటే ఇక ఆలోచించకూడదు. వాంతులు వారాల తరబడి సాగితే బి1 విటమిన్ అడుగంటి మెదడుకే దెబ్బ తగలొచ్చు. "అదంతా మనసులో ఉంటుంది, గారాబం" అనేవాళ్ళకి 2023 డిసెంబర్ లో నేచర్ పత్రికలో జవాబొచ్చింది. గర్భంలో మాయ నుంచి జీడీఎఫ్15 అనే హార్మోన్ పెద్ద ఎత్తున విడుదలవుతుంది. అంతకుముందు ఒంట్లో అది తక్కువగా ఉన్నవాళ్ళు దాన్ని తట్టుకోలేరు. ఇందులో గారాబం ఎక్కడుంది?

ఇక పుట్టింటికి పంపడం. వాళ్ళమ్మ చేతి కింద ఉంటే మంచిదే, తనే అడిగితే తప్పకుండా పంపండి. కానీ మనలో చాలామంది చేసేది మనకొచ్చిన టికెట్ ని పక్క టీమ్ కి అసైన్ చేసి చేతులు దులుపుకోవడం. నీళ్ళు కూడా నిలవని మనిషిని రాత్రంతా బస్సులో కూర్చోబెట్టడం ఏం ప్రేమండీ?

మరి చెయ్యాల్సిందేంటి? పెద్ద విద్యలేం అక్కర్లేదు. ఎన్నిసార్లు వాంతయింది, ఎన్ని గుక్కలు లోపల నిలిచాయి, మూత్రం ఎప్పుడైంది, ఏ రంగులో ఉంది.. రాసి పెట్టండి. వారానికోసారి బరువు చూడండి. రోజంతా నీళ్ళు నిలవకపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్ళు తిరిగినా తెల్లారేదాకా ఆగొద్దు. గ్లూకోజ్ ఎక్కించబోతుంటే ఎన్ని వారాల నుంచి వాంతులవుతున్నాయో ముందే చెప్పండి, దానికి ముందు థయమిన్ ఇవ్వాల్సి ఉంటుంది. డాక్టరు రాసిన మాత్రల్ని "బిడ్డకి మంచిది కాదు" అని దాచేసే పెద్దవాళ్ళకి మీరే అడ్డుపడాలి, ఆ గొడవ ఆవిడ మీదికి తోసెయ్యకూడదు. డాక్సిలమిన్, బి6 కలిపిన మాత్ర దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. వంట మీరే చెయ్యండి, తలుపులేసి. ఆవిడ ఉద్యోగస్తురాలైతే, గర్భం వల్ల వచ్చే జబ్బుకి నెలరోజుల వరకు అదనపు జీతం సెలవు 1961 చట్టంలోనే ఉండేది, 2020 కోడ్ లోనూ ఉంచారు. అడిగి తీసుకోండి.

అర్ధరాత్రి రెండింటికి పేజర్ మోగితే లేచి కూర్చుంటాం కదా. పక్కనున్న మనిషి బాత్రూమ్ లో నేల మీద కూర్చుంటే ఎందుకు లేవం? అలర్ట్ రాలేదనా? మూడు వారాలు వచ్చిందండీ నాకు. నేనే మ్యూట్ లో పెట్టాను.

మా పాపకి ఇప్పుడు ఆరేళ్ళు. ఆ మూడు వారాల గురించి మా ఆవిడ ఇప్పటికీ ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణు అనిపిస్తుంది.

ఆ కుర్రాణ్ణి మాత్రం లంచ్ మధ్యలోనే ఇంటికి తరిమేశాను.