ఇంటి అరుగు: పోయిన చెంబు



ఈ నెల మేము ఒక చెంబును గురించి వ్రాయదలచినాము. చెంబును గురించి వ్రాయుటకు ఏమున్నదని మీరు నవ్వవచ్చును. మేమూ మొదట నవ్వినవారమే. ఆ నవ్వుకు మా యింట్లో మూడు రోజులు మజ్జిగతో సరిపెట్టుకోవలసి వచ్చినది.

సంగతి యిది. నిరుడు ఆవణి మాసములో కుంభకోణములో మా దగ్గరి బంధువుల యింటి పెండ్లికి వెళ్లినాము. కలశమునకు వుంటుందని మా యింటిది మా అవ్వ నాటి ఇత్తడి చెంబును సంచిలో పెట్టుకొని వచ్చినది. పెండ్లి అయినది, భోజనములు అయినవి, తాంబూలములు పుచ్చుకొన్నాము. బస్సు దిగి సంచి విప్పితే చెంబు లేదు. మర్నాడు మేము తిరిగి వెళ్లి కల్యాణ మండపము కావలివానిని అడిగినాము. అతడు మంచివాడు. మిగిలిపోయిన గిన్నెలు, గరిటెలు, మూతలు అన్నీ ఒక మూల పేర్చి వుంచినాడు. "పేరు చెక్కినవన్నీ ఎవరివి వారికి పంపించినాము సామీ. మీ చెంబు మీద పేరున్నదా?" అని అడిగినాడు.

పేరున్నది. కాని అది తెలుగులో వున్నది.

పాత్రల మీద పేర్లు చెక్కించుట పోగొట్టుకోకుండుటకే గదా! మన పెద్దలు కావేరి ఒడ్డుకు వచ్చి నాలుగు వందల యేండ్లు దాటినా పాత్రల మీద మాత్రము తెలుగు అక్షరములే చెక్కించినారు. ఆ మండపములో వాటిని చదువగలవారు లేరు. అది ఎవరో బొమ్మ చెక్కిన చెంబు అనుకొన్నారు కాబోలు. ఎవరింటికి చేరినదో తెలియదు.

మేము యింటికి వచ్చి, "పోతే పోయినదిలే, పాత ఇత్తడి. దానికి రెండింతలు బరువైనది కొందాము" అన్నాము. మా యింటిది జవాబు చెప్పలేదు. కొంగుతో కండ్లు ఒత్తుకొని లోపలికి వెళ్లిపోయినది. ఆ మర్నాడు తులసికోటకు నీళ్లు పోయలేదు. ఆ పై రోజూ పోయలేదు. మూడవ రోజుకు ఆకులు వాడుముఖము పట్టినవి. అప్పుడు గాని మాకు తెలియలేదు, ఇది చెంబు మీది దుఃఖము కాదని.

మా పెద్దమ్మాయికి పెండ్లయి పదకొండేండ్లు. బెంగళూరులో కాపురము. అల్లుడు యోగ్యుడు. ఏ లోటూ లేదు, ఒక్కటి తప్ప. చూపించని వైద్యులు లేరు, మ్రొక్కని దేవుడు లేడు. తొమ్మిదేండ్లుగా మా యింటిది ప్రతి ఉదయము ఆ చెంబుతోనే తులసికి నీళ్లు పోసి, ఒకే ఒక కోరిక కోరుకొంటూ వచ్చినదట. మాకు ఒక్కనాడూ చెప్పలేదు. చెంబు పోయేసరికి, "లేదు" అని పైవాడు తేల్చి చెప్పినట్లు తోచినది ఆమెకు. పోయినది రెండు శేర్ల ఇత్తడి కాదు, తొమ్మిదేండ్ల ప్రార్థన. దానికి మేము "మరొకటి కొందాము" అన్నాము! ముప్పది తొమ్మిదేండ్లు కాపురము చేసిన మగవాడు అనవలసిన మాటేనా అది?

ప్రతి యింట్లోనూ ఇట్టి చిన్న పోగొట్టుకొనుటలు వుండనే వున్నవి. కండ్లద్దాలు పోతవి, గొడుగు బస్సులో వుండిపోతుంది, పదేండ్ల నాటి ఫోటోలు సెల్‌ఫోనుతో పాటే మాయమైపోతవి. చనిపోయిన అన్న గొంతు పలికిన రెండు నిమిషముల మాట అందులోనే వుండియుండవచ్చును. పైకి కనిపించేది వస్తువు. దాని లోపల ఏమి పోయినదో పోగొట్టుకొన్నవారికే తెలుసు. అందుచేత ఎవరైనా చిన్న వస్తువు కోసము పెద్దగా ఏడిస్తే నవ్వకూడదని ఆ మూడు రోజులలో మేము నేర్చుకొన్నాము.

ఆ దినములలో మాకు పదే పదే జ్ఞాపకము వచ్చినవారు త్యాగరాజస్వామి. మా వూరికి తిరువయ్యారు దూరము కాదు. చిన్ననాటి నుంచి పుష్య బహుళ పంచమి నాడు నాయన చేయి పట్టుకొని ఆరాధనకు వెళ్లినవారము. ఆయనా మనవలెనే వలస వచ్చిన తెలుగు కుటుంబములోని వారు, ఇంటిపేరు కాకర్ల. 1767లో తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో దేహము చాలించినారు. రాజసభకు పిలుపు వస్తే వెళ్లనన్నారనీ, ఆ కోపముతో అన్నగారు ఆయన పూజించే రామవిగ్రహములను కావేరిలో పారవేసినారనీ మన పెద్దలు చెప్పుకొంటూ వచ్చిన కథ. దొరికినవి అన్న భాగము అందరమూ చెప్పుకొంటాము. దొరకక ముందు గడచిన దినములను గురించి మాత్రము ఎవ్వరమూ ఆలోచించము. ఉదయము లేచి పూజకు కూర్చుంటే ఎదుట పీఠము ఖాళీగా వుండును. అయినా ఆయన స్నానము మానలేదు, పాట మానలేదు. పాటలోనే వెదకినారు, పాటలోనే నిష్ఠురమాడినారు. దేవునితో పోట్లాడుట అవిశ్వాసము కాదని మాకు తోచినది ఆ కథ వల్లనే. లేడనుకొన్నవానితో ఎవరు పోట్లాడుతారు?

అట్లే మన యిండ్లలో శనివారము నాడు చదివే గజేంద్రమోక్షము. మా యింటిది బడిలో అరవమే చదివినది గనుక, పోతన పద్యములను అరవ లిపిలో వ్రాసికొన్న పుస్తకము ఆమెది. ఆ కథలో ఏనుగు మొసలితో పెనగినది ఒక నాడు కాదు, వేయి సంవత్సరములు. తోటి ఏనుగులు లాగబోయి లాగలేకపోయినవి. మనమూ ఒడ్డున వుండే ఆ ఏనుగుల వంటివారమే. లాగలేము. కాని లాగలేనివారు కనీసము నోరు అదుపులో వుంచుకోవచ్చును గదా! మా అమ్మాయి పండుగకు వచ్చినప్పుడెల్లా వీధి మొదట్లోనే ఎవరో ఒకరు, "ఏమమ్మా, విశేషమేమైనా వున్నదా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు భయపడి రెండు సంక్రాంతులకు ఆమె రాలేదు. అడిగినవారికి చెడ్డ మనసు లేదని మాకు తెలుసు. అయినా ఈ పత్రిక చదివే అక్కలకూ అత్తలకూ మా విన్నపము ఒక్కటే. ఆ ప్రశ్నను దయచేసి మానండి. విశేషము వుంటే వారే మిఠాయితో వచ్చి చెప్పుతారు.

నాలుగవ రోజు ఉదయము ఏమి జరిగినదో చెప్పవలసి వున్నది.

మేము లేచి చూచేసరికి మా యింటిది స్టీలు గ్లాసుతో తులసికి నీళ్లు పోస్తున్నది. గ్లాసు చిన్నది గనుక నాలుగైదు మార్లు కుళాయి దగ్గరకు నడిచినది. మేము ఏమీ అడుగలేదు. ఆమే అన్నది: "నా కోరిక తీరలేదని దానిని ఎండబెట్టడము ఎందుకు? దాని దాహము దానిది." కాసేపు ఆగి, "ఆ చెంబు మీద ఏమని వ్రాసి వుండేదో మీకు జ్ఞాపకమున్నదా?" అని అడిగినది.

"అవ్వ పేరు గదా" అన్నాము.

"ఒక్క పేరు కాదు, రెండు. అవ్వ నాకు చెప్పినది. మీరు చదువ వచ్చినవారు, చదువలేదు."

అప్పుడు తట్టినది. వేయి మార్లు చూచిన అక్షరములు కండ్ల ముందు నిలిచినవి. మొదట ఒక పేరు, తరువాత "కూతురు" అన్న మాట, ఆ తరువాత అవ్వ పేరు. ఆ మొదటి పేరు అవ్వను కన్నతల్లిది కాదు. కన్నతల్లి పురిటిలోనే పోయినది. పిల్లలు లేని పెద్దమ్మ ఆ పసికందును తెచ్చుకొని, పెంచి, పెండ్లి చేసి, సారెతో పాటు ఆ చెంబు యిచ్చి పంపినది. పంపేటప్పుడు కంసాలి చేత "కూతురు" అని చెక్కించినది. పెంచినది అని కాదు, సాకినది అని కాదు. మేము ఆ అవ్వ మనుమలమే. మా యింట్లో పుట్టిన వారందరము ఆ పెద్దమ్మ ఒడి నుంచి వచ్చినవారమే గదా!

మా అమ్మాయి రెండేండ్లుగా దత్తత మాట ఎత్తుతూనే వున్నది. మా యింటిది ప్రతిసారీ, "దేవుడు ఇస్తాడమ్మా, ఓర్చుకో" అని ఆ మాట త్రుంచివేసేది. మేమూ వంత పాడినాము. అది దైవము మీద నమ్మకమే అనుకొన్నాము. ఇప్పుడు ఆలోచిస్తే అది నమ్మకము కాదు. ఏ వాకిలి గుండా రావలెనో ఆయనకే మనము ఆజ్ఞ వేసినట్లు. ముందు వాకిలి దగ్గర కూర్చుని తొమ్మిదేండ్లు ఎదురుచూచినాము, పెరటి తలుపు గడియ మాత్రము మేమే వేసి వుంచినాము.

ఆ సాయంత్రము మా యింటిది అమ్మాయికి ఫోను చేసినది. "మీరు అనుకొన్నట్లే పేరు ఇచ్చుకోండి" అన్నది. అవతల చాలాసేపు మాట లేదు. తరువాత ఇద్దరూ ఏడ్చినారు. మేము పంచాంగము చూస్తున్నట్లు నటించినాము.

దగ్గరి చుట్టములలో ఒకరు, "ఎవరి బిడ్డో యేమో, వంశమేమి కావలె?" అన్నారు. వారికి మేము మళ్లీ తిరువయ్యారే చూపించినాము. త్యాగరాజస్వామికి ఒక్కతే కూతురు. ఆమెకు ఒక్కడే కొడుకు. అతడు సంతానము లేకుండా పోయినాడు. రక్తములో ఆ వంశము అంతటితో ఆగినది. పాటను నిలిపినవారు వాలాజపేటలో, తిల్లస్థానములో, ఉమయాళపురములో వున్న శిష్యులు. శిథిలమైన సమాధిని నిలిపినది బెంగళూరు నాగరత్నమ్మగారు. మైసూరు సీమలో 1878లో పుట్టిన ఆమెకు, ఆయనకు చుట్టరికమేమున్నది? 1920ల దశకములో తన సొమ్ములు, తన ఆస్తి ధారపోసి గుడి కట్టించినది. కట్టించినా, ఆరాధనలో ఆడవారు పాడరాదన్నారు. ఆమె ఆడవారితోనే వేరుగా ఆరాధన జరిపినది. 1940 ప్రాంతములో పక్షములన్నీ ఒకటైనవి. ఈనాడు పంచరత్నములను ఆడా మగా ఒకే పందిట్లో కూర్చుని పాడుతున్నారు. 1952లో ఆమె పోయినది. ఆయన సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి. స్వామికి కూతురు ఎవరని ఎవరైనా అడిగితే, ఆ వైపు చూపించక మరి ఎక్కడ చూపిస్తాము?

అమ్మాయీ అల్లుడూ దత్తతకు సంబంధించిన కేంద్ర సంస్థ "కారా"లో పేరు నమోదు చేసుకొన్నారు. అధికారులు ఇల్లు చూచి వెళ్లినారు, ప్రశ్నలు అడిగినారు, కాగితములు వ్రాసుకొన్నారు. ఇప్పుడు వరుసలో వున్నారు. ఆ వరుస పొడవైనది, ఏండ్లు పట్టవచ్చునన్నారు. కనుక మా ప్రార్థన ఫలించినదని మీకు వ్రాయలేము. చెంబు దొరకలేదు, బిడ్డా ఇంకా రాలేదు. పోయినదంతా మంచికే అని కూడా అనలేము; ఆ చెంబు వుంటే బాగుండునని ఈ నాటికీ మాకు వున్నది. మారినది ఒక్కటే. పూర్వము ఒంటరిగా ఎదురుచూచేవారము, ఇప్పుడు నలుగురము కలిసి ఎదురుచూస్తున్నాము. మా యింటిది రోజూ గ్లాసుతో నీళ్లు పోస్తూ, "ఎక్కడ వున్నావో, వేళకు పాలు తాగినావో లేదో" అంటున్నది. కోరిక కాస్తా యోగక్షేమమైనది. తెలుగు అక్షరములు కూడా నేర్చుకొంటున్నది. "క" గుణింతము దాటినది. వచ్చే బిడ్డకు చెంబు చేయించి, దాని మీద ఏమి చెక్కవలెనో తానే వ్రాసి కంసాలికి ఇస్తుందట.

చివరగా ఒక మనవి. ఆవణి మాసములో కుంభకోణము పెండ్లికి వచ్చిన మన వారిలో ఎవరి యింట్లోనైనా, తెలుగు అక్షరములు చెక్కిన పాత ఇత్తడి చెంబు పొరపాటున చేరి వుంటే, తిరిగి పంపవలెనని శ్రమ పడకండి. మీ యింట్లో తులసి వుండే వుంటుంది. దానితో రోజూ నీళ్లు పోయండి. పోసేటప్పుడు, ఆ రెండు పేర్ల నడుమ వున్న మాటను ఒక్కసారి మీ పిల్లల చేత చదివించండి. అంతే చాలును.