బాయి న్యాయం, కొండ న్యాయం

బాయి దిగేవాడికి కొండ ఎక్కడం ఒక లెక్కా అని మా గోదావరిఖనిలో ఒక ధీమా ఉంది. బాయి అంటే మంచినీళ్ళ బావి అనుకునేరు! మా సింగరేణివాళ్ళ భాషలో బాయి అంటే బొగ్గుగని. ఆ ధీమాతోనే నా పూర్వవిద్యార్థులు ఆరుగురు నాలుగు మోటారు సైకిళ్ళమీద మనాలీ నుంచి లేహ్ దాకా వెళ్ళివద్దామని సంకల్పించారు. అందరూ బాయి పనివాళ్ళే. "మీరు గూడ రాండ్రి సార్" అన్నారు. నలభై దాటిన తెలుగు పంతులుకు ఇంతకంటె మర్యాద ఏముంటుంది? వెనకసీటు ఖాయం చేసుకున్నాను.

రామగుండం స్టేషనులో పెట్రోలు టాంకులు ఖాళీచేసి బండ్లను రైలుకెక్కించాం. ఢిల్లీలో దించుకొని మనాలీ చేరాం. హిమాలయాలు చూద్దామని వెళ్ళినవాళ్ళకు మొట్టమొదట ఎదురైనదేమిటనుకున్నారు? సొరంగం! 2020 అక్టోబరులో తెరిచిన అటల్ సొరంగం, 9 కిలోమీటర్ల పైచిలుకు. "ఇంతదూరమొచ్చి మళ్ల బాయేనా?" అని ఒకడు నవ్వించాడు.

అవతల నవ్వులు తగ్గాయి. ఈ దారి సుమారు 430 కిలోమీటర్లు. చలికాలమంతా మంచు కింద ఉంటుంది. ఎండాకాలంలో పొద్దెక్కేకొద్దీ మంచు కరిగి వాగులు రోడ్డుకడ్డంగా పారతాయి. బారాలాచా కనుమ 16,000 అడుగులు. లేహ్‌కు ముందున్న తంగ్‌లాంగ్ కనుమ 17,000 పైమాటే.

అసలు పేచీ గాలితో. గనిలో ప్రాణవాయువు నూటికి 19 పాళ్ళకు తగ్గకూడదని నిబంధన. కొండమీద పాళ్ళు తగ్గవు, అక్కడా 21 పాళ్ళే. గాలే పలచబడుతుంది. తంగ్‌లాంగ్ దగ్గర ఒక్కొక్క ఊపిరిలో అందేది మన ఊళ్ళో అందేదాంట్లో ఇంచుమించు సగం. కండబలానికీ దీనికీ చుట్టరికం లేదు. ఒళ్ళు అలవాటుపడాలంటే రోజులు పట్టవలసిందే.

మా దండునాయకుడు గనిలో సర్దారు. కప్పు తట్టి, చప్పుడు విని, మనుషులను లోపలికి పంపాలో వద్దో తేల్చేవాడు. 10,500 అడుగుల ఎత్తునున్న జిస్పాలో మమ్మల్ని రెండు రాత్రులు కట్టేశాడు. అయినా, మూడోనాడు జింగ్‌జింగ్‌బార్ చేరేసరికి అందరిలోకి చిన్నవాడు, కాంట్రాక్టు కార్మికుడు, తల పగిలిపోతోందని వాంతి చేసుకున్నాడు. సర్దారు వాణ్ణి తిన్నగా నడవమన్నాడు. అడుగు తూలింది.

"మీరు పోండ్రి అన్నా, నేనీడ పండుకుంట" అన్నాడు కుర్రవాడు. రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు మరి!

"కనుమ దాటితే సర్చూ కిందికే గదా, ఆడ తగ్గుతది" అన్నాడు ఇంకొకడు.

సర్దారు ఒప్పుకోలేదు. సర్చూ కనుమకంటె కిందే గాని, అదీ 14,000 అడుగులు. అక్కడ జబ్బు ముదిరితే ముందుకు పోవాలన్నా కొండే ఎక్కాలి, వెనక్కి రావాలన్నా కొండే ఎక్కాలి. "బాయిల ఆపదొస్తే పైకి ఉరుకుతం. ఈడ ఆపదొస్తే కిందికి ఉరకాలె. ఆ కింద మన ఎనుకనే ఉన్నది" అన్నాడు.

సగంమంది ముందుకు పోవచ్చుగదా అని నేనే అడిగాను. బండ్ల మరమ్మతు తెలిసినవాడు ఒక్కడే. వాడు రోగి వెంట ఉండాలన్నాడు. ఆపైన, "ల్యాంపు రూముల ఎన్ని లైట్లిస్తే అన్ని తిరిగిరావాలె సార్" అన్నాడు. గనిలో ఒక దీపం తిరిగిరాలేదంటే ఒక మనిషి లోపలున్నట్టే.

అందరం వెనక్కి తిరిగాం. సెలవు అయిపోవచ్చింది గనుక లేహ్ ఆశ అక్కడితో సరి. ఇందాక సర్చూ అన్నవాడు కేలాంగ్ దాకా నోరు విప్పలేదు. అతని కోపం అన్యాయమని నేననను. కేలాంగ్ ఆస్పత్రిలో చూపించాం. రాత్రికి కుర్రవాడు తేరుకొన్నాడు గాని, ఎవరి మొహమూ చూడలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సర్చూ అన్నవాడే వెళ్ళి, ఇంకా మాట్లాడకుండానే, వాడిముందు అన్నం పళ్ళెం పెట్టాడు.

మళ్ళీ వెళతారట. ఆ దారి పట్టదలచిన పాఠకులకు నాదొకటే విన్నపం: డబ్బుకంటె ముందు సెలవు కూడబెట్టండి.