తుపాకీ లైసెన్సు: యోగ్యత తేల్చేది ఎవరు?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం గురించి మీటింగుల్లో చాలా మాట్లాడుకుంటాం. ఎఫ్‌ఐఆర్, సెక్షన్లు, నష్టపరిహారం, 41ఏ నోటీసు అన్నీ చర్చకొస్తాయి. 1995 నాటి నిబంధనల్లోని మూడో నిబంధన ఊసు మాత్రం అరుదు. అత్యాచారాలు జరిగే ప్రమాదమున్న ప్రాంతాల్ని ప్రభుత్వం ముందే గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులు జమ చేయించుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులివ్వాలి. ఇది ఆవేశంలో పుట్టిన నినాదం కాదు, కేంద్ర ప్రభుత్వమే రాసిన నిబంధన.

పొన్నూరులో కూర్చుని ఈ మాట అనుకుంటే ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. నిడుబ్రోలు నుంచి తెనాలి వెళ్లే రైలు దారిలోనే చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న, ఊళ్లో పోలీసులు ఉండగానే, ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి నరికారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చంపినవాళ్లు వాడినవి గొడ్డళ్లు, కత్తులు, ఇనప రాడ్లు. ఆ రోజు పేటలో తుపాకీ ఉంటే అందరూ బతికేవాళ్లని మేం అనడం లేదు. నిబంధన ఇచ్చిన హక్కు పేటదాకా ఎందుకు రావడం లేదన్నదే మా ప్రశ్న.

జవాబు 1959 ఆయుధాల చట్టంలో ఉంది. సెక్షన్ 13 ప్రకారం దరఖాస్తుదారుడి గురించి దగ్గరి పోలీస్ స్టేషన్ రిపోర్టు తెప్పించుకోవాలి. సెక్షన్ 9 ప్రకారం శాంతి కాపాడతానని పూచీకత్తు రాసిచ్చినవాడికి, అంటే మన భాషలో బైండోవర్ అయినవాడికి, ఆ గడువు తీరేదాకా తుపాకీ ఉండకూడదు. కాగితం మీద సబబే. కానీ అట్రాసిటీ కేసు పెట్టిన వాడి మీద కౌంటర్ కేసు ఎంత తొందరగా పడుతుందో, 'ఇరువర్గాలనూ' బైండోవర్ ఎలా చేస్తారో పేటల్లో తిరిగే ఎవరికైనా తెలుసు. కొట్టినవాడూ దెబ్బలు తిన్నవాడూ ఆ రిజిస్టర్లో ఒక్కటే. ఇవేవీ లేకపోయినా సెక్షన్ 14 ఉంది. 'ఏ కారణం చేతనైనా' అనర్హుడని అధికారి నమ్మితే చాలు, లైసెన్సు ఇవ్వనక్కర్లేదు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని అదే సెక్షన్ చెబుతుంది. కులం గురించి మాత్రం ఏమీ చెప్పదు.

1956 జనవరిలో అమెరికాలో, మాంట్‌గొమరీలో, మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. ఆయన తుపాకీ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు ఇవ్వలేదు. 'తగిన వ్యక్తి' ఎవరో తేల్చే అధికారం అలబామా చట్టం స్థానిక అధికారుల చేతిలోనే పెట్టింది.

అమెరికా తుపాకీ లాబీ 1993 నాటి బ్రాడీ చట్టాన్ని వ్యతిరేకించినట్టు మేం తనిఖీలనే వద్దనడం లేదు. ఆ చట్టం అడిగేది రికార్డు. ఇంట్లో భార్యను కొట్టేవాడి చేతికి, వాడు ఏ కులం వాడైనా, తుపాకీ రాకూడదు. మేం వ్యతిరేకించేది, రికార్డు ముసుగులో ఎస్సైగారి అభిప్రాయాన్ని అడ్డుగోడ చేయడాన్ని. మూడో నిబంధన కింద వచ్చే దరఖాస్తుకు స్టేషన్ రిపోర్టే ఆఖరి మాట కాకూడదు. అట్రాసిటీ కేసు తర్వాత పడ్డ కౌంటర్ కేసుల్ని, బైండోవర్లను విడిగా పరిశీలించాలి. ఇందులో కొంత ఇప్పుడే సాధ్యం. గడువులో రిపోర్టు రాకపోతే దానికోసం ఆగకుండా నిర్ణయం తీసుకోవచ్చని సెక్షన్ 13 లోనే ఉంది. తిరస్కరిస్తే కారణాలు రాతలో నమోదు చేయాలి, దానిమీద అప్పీలు ఉంది.

అసలు ముందు అడగాల్సింది నిబంధనలోని మొదటి సగం. తుపాకులు ఇప్పటికే ఉన్నవాళ్ల సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కారంచేడు, చుండూరు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. పొన్నూరు గుంటూరులోనే ఉంది. రెండు జిల్లాల్లోనూ కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. గుర్తించిన గ్రామాల జాబితా ఏది? వాటిలో ఆయుధ లైసెన్సులు ఎవరెవరికి ఉన్నాయి? 1995 నుంచి ఎన్ని రద్దు చేశారు, ఎస్సీ, ఎస్టీలకు ఎన్ని ఇచ్చారు?