‘మనవాళ్లేనా?’ అని అడిగే ముందు

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా లాంటి చోట తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొస్తుంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో ఇక్కడ ఉక్కు తయారీ మొదలయ్యాక పని వెతుక్కుంటూ వచ్చినవారిలో ఉత్తరాంధ్ర జనమూ ఉన్నారు. తరాలు గడిచాయి. బజారులో హిందీ, ఇంట్లో తెలుగు. అయినా కొత్తగా కలిసిన ఇద్దరు తెలుగువాళ్ల మాటలు తరచూ పాత దారినే నడుస్తాయి. ‘మీదే ఊరండీ?’ ‘ఇంటిపేరు?’ ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, ‘మనవాళ్లేనా?’

మొదటి ప్రశ్నలో ‘మన’ అంటే తెలుగువాళ్లు. మూడో ప్రశ్నకు వచ్చేసరికి ‘మన’ అంటే కులం.

హిందీలో ‘హమ్’ ఒక్కటే. తెలుగులో వినేవారిని కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. ఈ నేల మీది సంతాలీలోనూ అదే తేడా ఉంది: కలుపుకుంటే ‘అబో’, బయట ఉంచితే ‘అలే’. కాబట్టి తప్పు వ్యాకరణానిది కాదు. ‘మనం’లోకి ఎవరిని రానివ్వాలో తేల్చేది సమాజం. మన ఊళ్లలో ఆ పెత్తనం కులానిది. తల నెరిసిన దళితుణ్ణి ‘ఒరేయ్’ అనీ, దొర ఇంటి పసివాణ్ణి ‘బాబుగారూ’ అనీ పిలిపించింది అదే.

ఉత్తరాంధ్రలో పేరు చివర ‘రావు’ అనేక కులాల్లో ఉంటుంది. హిందీ మాట్లాడేవారు దాన్ని ఇంటిపేరు అనుకుంటారు, దాన్నిబట్టి కులం పోల్చుకోలేరు. దళిత కుటుంబానికి అక్కడ దొరికిన ఆ కాస్త ఊపిరిని, సొంత భాషలో వచ్చే ‘ఇంటిపేరు?’ అన్న ప్రశ్న లాగేసుకుంటుంది.

‘పరిచయం కోసమేగా అడిగాం’ అంటారు. అలాగే అనుకుందాం. జవాబు విన్నాక ‘అండీ’ నిలిచిందా? ఇంటికి పిలుపు వచ్చిందా? ఉద్దేశం ఏమిటో అక్కడే తేలుతుంది.

క్యాంపస్‌లో ఈ ప్రశ్న వేషం మార్చుకుంటుంది: ‘నీ ర్యాంకెంత?’ తోటి విద్యార్థి జేఈఈ ర్యాంకునో, ప్రవేశ కేటగిరీనో అడగడం సరికాదని 2023లో ఐఐటీ బొంబాయి మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. చదువు పెరిగినంత మాత్రాన పలకరింపు మారదనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

1936 నాటి ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ ప్రజాస్వామ్యాన్ని కేవలం పాలనా పద్ధతిగా చూడలేదు. అనుభవాలను పరస్పరం పంచుకుంటూ కలిసి బతకడంగా చూశారు. కొలంబియాలో ఆయనకు గురువైన జాన్ డ్యూయీ ఆలోచన ఆయన చేతిలో కులాన్ని నిలదీసే సాధనమైంది. మనుషుల మధ్య మాట అటూ ఇటూ పారకుండా కులం గోడ కడుతుంది. ఓటు హక్కు ఒక్కటే ఆ గోడను కూల్చలేదు.

అందుకే పలకరింపు చిన్న విషయం కాదు. ‘జై భీమ్’ అన్నప్పుడు ఎదుటి మనిషి పుట్టుక గురించి ఏమీ అడగం. ఎవరైనా తిరిగి ‘జై భీమ్’ అనవచ్చు. భాషాశాస్త్రం, సమాజశాస్త్రం చదివే మిత్రులు తమ హాస్టల్లో, తమ ఇంట్లో వినబడే ‘మన’ ఎంతమందికి చోటిస్తుందో ముందు గమనించాలి. ఆ చోటు పెంచే పని మనదే.