పాచికలు వారివే అయినా...

మొన్న ఆదివారం మా పక్కింటి మాస్టారు కాఫీ గ్లాసు కింద పెడుతూ, "శకుని పాచికలని తెలిసీ ధర్మరాజు ఆటకు కూర్చోవడం తెలివితక్కువ కాదుటండీ?" అన్నారు. మాట భారతంలో మొదలైనా ఆయన మనసు పేపర్లో వుంది. నియంతలు జరిపే ఎన్నికల్లో ప్రతిపక్షాలు నిలబడటం దేనికని ఆయన బాధ. నిలబడితే ఆ బూటకానికి మర్యాద యిచ్చినట్టు. ఓడితే వున్న పరువూ పోయినట్టు.

నాకు చిలీ దేశం గుర్తుకొచ్చింది. అక్కడ జనరల్ పినోచెట్ 1973లో సైన్యంతో గద్దె యెక్కాడు. 1980లో తన రాజ్యాంగానికి ప్రజామోదం పొందానన్నాడు. అప్పుడు ఓటర్ల జాబితా అనేదే లేదు! ఆ రాజ్యాంగం ప్రకారమే 1988లో, మరో ఎనిమిదేళ్లు తాను వుండాలా వద్దా అని జనాన్ని అడగవలసి వచ్చింది. జవాబు "అవును" లేదా "కాదు".

ఇది మోసం, వెళ్లవద్దని కమ్యూనిస్టులు మొదట్లో అన్నారు. చివరికి, ఒకప్పుడు ఒకరి మొహం ఒకరు చూడని పార్టీలు డజనుకు పైగా "కాదు" అన్న ఒక్క మాట కింద చేరాయి. ముందు జనాన్ని ఓటర్లుగా నమోదు చేయించారు. అలా చేరినవారు 74 లక్షలు. తరవాత టెలివిజన్. ఒక్కొక్క పక్షానికి రోజుకు 15 నిమిషాలు, 27 రోజులు. అందరూ యేడుపులు చూపిస్తారనుకుంటే, వీళ్లు ఇంద్రధనుస్సు చూపించారు, సంతోషం వస్తోందన్నారు. జనానికి ముందు భయం పోవాలి కదా! అయినా గాయాన్ని దాచలేదు. ఆడామగా జంటగా ఆడే క్వేకా నృత్యాన్ని ఒక స్త్రీ ఒంటరిగా ఆడింది. ఆమె జంట మాయమైపోయినవారిలో ఒకడు.

అన్నిటికన్నా ముఖ్యం, లెక్క తామే రాసుకోవడం. అక్టోబరు 5 రాత్రి సర్కారు తొలి అంకెలు "అవును"ని ముందు చూపాయి. ప్రతిపక్షం కాగితాలు వేరే చెప్పాయి. ఆ రాత్రే వైమానిక దళాధిపతి మత్తెయ్, "కాదు" గెలిచిందని విలేఖరుల ముందు ఒప్పుకున్నాడు. నూటికి సుమారు 56 ఓట్లు! 1990లో ఐల్విన్ అధ్యక్షుడయ్యాడు. పినోచెట్ మాత్రం 1998 దాకా సేనాధిపతిగా వుండనే వున్నాడు.

"మరి అన్నిచోట్లా అలాగే జరుగుతుందా?" అన్నారు మాస్టారు.

జరగదు. వెనిజులాలో 2005లో ప్రతిపక్షం శాసనసభ ఎన్నికను బహిష్కరిస్తే, 167 స్థానాలూ సర్కారు పక్షానికే పోయాయి. 2024లో పోటీచేసి, నూటికి 80కి పైగా పోలింగు పత్రాలు సేకరించి ప్రకటించినా, అధికారులు మదురోనే గెలిపించారు. లెక్క చేతిలో వుంటే చాలదు. అవతల ఒక మత్తెయ్ అయినా నిజం ఒప్పుకోవాలి. కానీ లెక్కే లేకపోతే ఒప్పుకోవడానికి యేముంది?

నేనేదో చాణక్యుణ్ణని మీరు భ్రమపడకండి. క్రితంసారి మా కాలనీ సంఘం ఎన్నికను రోషంకొద్దీ బహిష్కరించినవాళ్లం మాస్టారూ నేనూ. పాత అధ్యక్షుడు ఏకగ్రీవంగా యెన్నికై, మా యిద్దరికీ మిఠాయి పంపించాడు.

లోపలినుంచి మా ఆవిడ అన్నది: "మాస్టారూ, ఈసారైనా లెక్కపెట్టేచోట కూర్చోండి. మిఠాయి మేం కొనుక్కుంటాం."