గేటు దగ్గర 84 గంటలు

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకి వెళ్లినా సెక్యూరిటీ కాంట్రాక్టు మీద చర్చ ఒకేలా సాగుతుంది. రెండు మూడు ఏజెన్సీల కొటేషన్లు టేబుల్ మీదికొస్తాయి. తక్కువది ఏదో చూసి, ఇంకొంచెం తగ్గించమని బేరమాడతారు. గార్డు చేతికి ఎంతొస్తుందని ఎవరూ అడగరు. ఎవరైనా అడిగినా 'అది ఏజెన్సీ చూసుకుంటుంది' అన్న జవాబు రెడీగా ఉంటుంది.

ఆ కొటేషన్‌ని లెక్కకట్టి చదవండి. గేటు దగ్గర రాత్రింబవళ్లు ఒక మనిషి ఉండాలంటే వారానికి 168 గంటలు. చట్టం ప్రకారం ఒక మనిషి మామూలు పని వారానికి 48 గంటలు. అంటే గేటుకు మూడున్నర మంది కావాలి. కొటేషన్లో కనిపించేది ఇద్దరు: పగలొకరు, రాత్రొకరు, పన్నెండేసి గంటలు. వారానికి ఆఫ్ కూడా లేకపోతే ఒక్కొక్కరికి 84 గంటలు. 48 పోను మిగిలిన 36 గంటలకు ఓవర్‌టైము రెట్టింపు ఇవ్వాలి కాబట్టి రావలసింది 120 గంటల జీతం, అంటే మామూలు జీతానికి రెండున్నర రెట్లు. ఇచ్చేది ఒక్క జీతమే. అసలు అన్ని గంటల ఓవర్‌టైము చేయించడమే చట్టవిరుద్ధం, అది వేరే సంగతి.

ఇందులో దొంగచాటు వ్యవహారమేమీ లేదు. లెటర్‌హెడ్ మీద టైపు చేసి, జీఎస్టీ కలిపి, అధ్యక్షుడి సంతకంతో ఫైల్లో భద్రంగా ఉంటుంది. ఏజెన్సీలను తిట్టి చేతులు దులుపుకోవడం తేలికే. కానీ ఆ ధరకి చట్టాన్ని పాటించడం కుదరదని లెక్క వచ్చినవాళ్లందరికీ తెలుసు. మన అసోసియేషన్లలో చార్టర్డ్ అకౌంటెంట్లకి కొదవ లేదు.

పీఎఫ్‌ది మరో కథ. ఉద్యోగి వాటా వేరు, యజమాని వాటా వేరు. యజమాని వాటాని జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ స్కీము స్పష్టంగా చెబుతోంది. రెండు వాటాలూ గార్డు జీతంలోంచే కోసే ఏజెన్సీలున్నాయి. కోసినదైనా ఖాతాలో పడిందో లేదో గార్డు చూసుకోగలిగితే అదృష్టమే.

ఇక చిన్న అపార్ట్‌మెంట్లలో ఏజెన్సీ కూడా ఉండదు. వాచ్‌మన్‌కి జీతం, సెల్లారులో ఒక గది. మెట్లు ఊడ్చేది, చెత్త దించేది, మోటారు వేసేది అతని భార్య. ఆమె పేరున రూపాయి ఉండదు.

కనీస వేతనం కన్నా తక్కువకి పనిచేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. కనీస వేతనాలు, పీఎఫ్ చట్టాలను ఉల్లంఘించిన సెక్యూరిటీ ఏజెన్సీ లైసెన్సు రద్దు చేసే అధికారం 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టంలో ఉంది. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో జరిమానా 500 రూపాయలు దాటేది కాదు. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ దాన్ని 50 వేలకి పెంచింది గానీ, పాత చట్టంలో ఉన్న ఆరు నెలల జైలుని మొదటి తప్పుకి తీసేసింది. ఏజెన్సీలకి ఇది తీపి కబురే.

అపార్ట్‌మెంట్ సంఘం పరిశ్రమ కాదని సోమ్ విహార్ కేసులో సుప్రీంకోర్టు అన్నదని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. అది సంఘం నేరుగా పెట్టుకున్న సిబ్బంది గురించి, పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన తీర్పు. వ్యాపారం చేసే ఏజెన్సీకి అది గొడుగు పట్టదు.

కొత్త కోడ్‌లో గార్డుకి పనికొచ్చేది ఒకటుంది. బకాయిల కోసం దరఖాస్తు గడువు ఆరు నెలల నుంచి మూడేళ్లయింది. ఈ మాట మీ గేటు దగ్గర ఉండే మనిషికి చెప్పండి. ఈసారి కాంట్రాక్టు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఎనిమిది గంటల షిఫ్టుకి కొటేషన్ అడగండి, గార్డుల పేర్లతో పీఎఫ్ చలాన్లు తెమ్మనండి. మెయింటెనెన్స్ ఎంత పెరుగుతుందో ఫ్లాట్ల సంఖ్యతో భాగించి చూశాకే, భరించలేమో భరించగలమో చెప్పండి.