మన పరిశోధనలకు ఇల్లు ఎవరు కట్టాలి?

సుమారు ఇరవై ఏళ్ల కిందట వేదాంత కళాశాలలో చదువు ముగిస్తూ నేనొక పరిశోధన పత్రం రాశాను. పొట్టకూటి కోసం తెలుగు నేల విడిచి పొరుగు రాష్ట్రం చేరి, తరాల తరబడి పారిశుధ్య పనిలోనే ఉండిపోయిన మన కుటుంబాల గురించి. ఆరు నెలలు బస్తీల్లో తిరిగి పెద్దవాళ్ల మాటలు రాసుకున్నాను. ఈమధ్య ఆ బస్తీ అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. ఇప్పుడు ఎం.ఏ. చదువుతోంది. "అయ్యగారూ, మా తాతమ్మ చెప్పిన సంగతులు మీ పుస్తకంలో ఉన్నాయట కదా, చూడొచ్చా?" అని అడిగింది.

చూపించలేకపోయాను. కళాశాలకు వెళ్తే, చెదలు పట్టిన అలమరలు ఖాళీ చేసినప్పుడు ఆ పత్రం కూడా పోయి ఉంటుందన్నారు. నా దగ్గరున్న సీడీలో ఒక్క ఫైలే తెరుచుకుంది. అదీ పాతకాలం డీటీపీ ఫాంటులో ఉండటంతో తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. ఆ తాతమ్మ ఇప్పుడు లేదు. ఆమె మాట కూడా లేకుండా చేసింది మన నిర్లక్ష్యమే.

అణగారిన ప్రజల చరిత్రను ఎవరూ రాయరని మనం తరచూ బాధపడుతుంటాం. అది సగం నిజమే. రాసినవి చాలానే ఉన్నాయి, కానీ అవి అలమరల్లో మూలుగుతున్నాయి. పరిశోధనను ఎవరైనా, ఎక్కడినుంచైనా, డబ్బు కట్టకుండా చదువుకోవాలన్న ఆశయాన్ని 2002లో బుడాపెస్ట్ ప్రకటన స్పష్టంగా చెప్పింది. దాన్నే ఓపెన్ యాక్సెస్ అంటున్నాం. మన దేశంలో 2009 యూజీసీ నిబంధనల తర్వాత విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో చేరుతున్నాయి. మంచిదే. కానీ మన బి.డి. పత్రాలు, బస్తీ సర్వేలు, నిజనిర్ధారణ నివేదికలు అక్కడికి చేరవు. వాటికి మనమే ఇల్లు చూడాలి.

ఇల్లు కట్టే సామగ్రి ఉచితంగానే దొరుకుతుంది. అందరికంటే ఎక్కువగా వినబడే పేరు డీస్పేస్. ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్ ప్యాకర్డ్ పరిశోధనశాల కలిసి 2002లో విడుదల చేశాయి. శోధ్‌గంగ నడిచేది దీని మీదే. లక్షల గ్రంథాలను మోయగలదు. అయితే జావా, పోస్ట్‌గ్రెస్, సోలర్, పైన కనబడే తెరకు మరో ప్రోగ్రాం, ఇవన్నీ కలిసి పనిచేస్తేనే అది నడుస్తుంది. తెలిసిన మనిషి పక్కనే ఉండాలి. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో 2000లో పుట్టిన ఈప్రింట్స్ దానికన్నా తేలిక. బెంగళూరు ఐఐఎస్‌సీ 2002లో తన భాండాగారాన్ని దీనితోనే మొదలుపెట్టింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా దీన్నే వాడింది. న్యూజిలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం తయారుచేసిన గ్రీన్‌స్టోన్ మరో దారి. మామూలు కంప్యూటర్‌లోనే సంకలనం సిద్ధం చేసి, నెట్ లేనిచోటికి కూడా పట్టుకెళ్లవచ్చు.

ఇక సొంత సర్వరే అక్కర్లేని మార్గం జెనోడో. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాల 2013 నుంచి నడుపుతోంది. ఒక్కో పత్రానికి 50 జీబీ వరకు స్థలం ఇస్తుంది. ప్రతిదానికీ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. ఒక సంఘం తన పేరిట ప్రత్యేక విభాగం పెట్టుకోవచ్చు. దీనికి రుసుము లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన సంఘాలూ, చిన్న కళాశాలలూ ఎవరికివారు డీస్పేస్ పెట్టుకోవాలనుకోవడం వృథా ఆర్భాటం. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, కానీ సర్వర్‌కు కట్టాలి, మనిషికి జీతం ఇవ్వాలి. ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరించేవారు చాలామంది ఉంటారు. మూడో ఏడు సర్వర్ అద్దె కట్టేవారు ఉండరు. అప్పుడు పత్రాలన్నీ రెండోసారి మాయమవుతాయి. ఈసారి చెదలు కూడా అక్కర్లేదు. కాబట్టి ఇప్పుడు జెనోడోతో మొదలుపెడదాం. పది కళాశాలలు కలిసి ఒక ఉద్యోగిని పోషించగలిగిన రోజున, అందరికీ కలిపి ఒకే డీస్పేస్ పెట్టుకుందాం.

"మన చరిత్రను పరాయివాళ్ల చేతిలో పెడతామా?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మనం చూడాల్సింది ఇల్లు ఎవరిదన్నది ఒక్కటే కాదు, ఎప్పుడైనా సామాను తీసుకుని బయటపడగలమా అన్నది కూడా. జెనోడో, డీస్పేస్, ఈప్రింట్స్ మూడూ ఓఏఐ-పీఎంహెచ్ అనే ఉమ్మడి పద్ధతిలో వివరాలు అందిస్తాయి. రేపు మరోచోటికి మారాలన్నా దారి మూసుకుపోదు. ఎక్కడ పెట్టినా రెండు నకళ్లు మన దగ్గర ఉంచుకోవడం మాత్రం మానకూడదు.

సాఫ్ట్‌వేర్ ఏదైనా రెండు పనులు మనవే. మొదటిది తెలుగు. స్కాన్ చేసిన పేజీ బొమ్మ మాత్రమే. అందులో మాట వెతికితే దొరకదు. అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి, ఒక మనిషి తప్పులు దిద్దాలి. మన భాషలో విభక్తులు మాటకు అతుక్కుంటాయి. "బస్తీ" అని వెతికితే "బస్తీల్లో" దొరక్కపోవచ్చు. అందుకని ముఖ్యమైన మాటలను విడిగా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నమోదు చేయాలి.

రెండోది అంతకంటే పెద్దది: అనుమతి. పత్రం రాసినవారిని అడగాలి, సరే. మరి అందులో మాట్లాడినవారిని? మ్యాన్‌హోల్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లి నన్ను నమ్మి పేర్లతో సహా చెప్పింది. దాన్ని లోకమంతా చదివేలా పెట్టమని ఆమె నాతో అనలేదు. ఓపెన్ అనే మాట ఎంత అందమైనదైనా, బలహీనుల గాయాలను బజారున పెట్టే హక్కు మనకు ఇవ్వదు. పత్రం ఉందని అందరికీ తెలిసేలా పెట్టి, ఫైలును మాత్రం అడిగినవారికే ఇచ్చే ఏర్పాటు జెనోడోలో ఉంది. అవసరమైనచోట దాన్ని వాడుకోవాలి. పేర్లు తీసేయాలి. ఆ కుటుంబం వద్దంటే ఆగిపోవాలి.

నా పత్రంలో నలభై పేజీల చిత్తుప్రతి పాత పెట్టెలో దొరికింది. ఆ అమ్మాయి ఇప్పుడు వాటిని యూనికోడ్‌లో టైపు చేస్తోంది. ఎక్కడ పేరు ఉంచాలో, ఎక్కడ తీసేయాలో తన ఇంటివాళ్లను అడిగి తనే నిర్ణయిస్తోంది. యువతీయువకులారా, మీ సంఘంలో, మీ ఊళ్లో ఇలాంటి పత్రం రాసినవారు ఒక్కరైనా ఉంటారు. ఈ నెలలో వాళ్ల ఇంటికి వెళ్లి అలమర తెరిపించండి.